ఆయన, గీత, మల్ల ఆయన

మొన్న ఆదివారం కోదాడలో మా ఇంట్లో కొత్త లాప్‌టాప్‌కు విండోస్ బదులు లినక్స్ ఎక్కిస్తున్నాను. భాష, ఊరు, కీబోర్డు అన్నీ అడిగాక, ఈ కంప్యూటర్‌కు ఏం పేరు పెట్టాలని ఒక గడి వస్తుంది. డిగ్రీ కాలేజీలో పిల్లలకు కంప్యూటర్లు చెప్పేదాన్ని కాబట్టి ఆ గడి నాకు కొత్త కాదు. ఏదో ఒకటి కొట్టి ముందుకు పోవడమే ఎప్పుడూ. ఆ రోజు మాత్రం వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

పక్కన పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తాడు. "ఏంటి ఆగిపోయావ్? ఏదో ఒకటి కొట్టెయ్," అన్నాడు.

"అత్తమ్మ గుర్తొచ్చింది," అన్నాను.

అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు. అత్తమ్మ పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

అత్తమ్మ మా నాన్నకు అక్క. మిర్యాలగూడలో ఉండేది. చదివింది ఏడో తరగతి. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కుని చదివేది. ఆమెను ఒక్క మాటలో చెప్పమంటే నాకు సిగ్గు అనే మాటే వస్తుంది. ఫొటో తీస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. బంతిలో కూర్చుంటే రెండోసారి కూర అడగడానికి సిగ్గు. దవాఖానకు పోతే ఎక్కడ నొప్పో డాక్టరుకు చెప్పడానికి సిగ్గు. నా చెవిలో చెప్తే నేను డాక్టరుకు చెప్పేదాన్ని. సూర్యాపేటలో బస్సెక్కి మునగాలలో దిగాల్సిన మనిషి, బస్సు ఆపమని అరవడానికి సిగ్గుపడి కోదాడ దాకా వచ్చేసిన రోజు ఉంది. మా ఇంటికొచ్చి, నిన్ను చూడబుద్ధయ్యి వచ్చిన బిడ్డా అంది. నిజం మూడు పూటల తర్వాత బయటపడింది.

ఈ సిగ్గులన్నిటిలోకీ పెద్దది మొగుడి పేరు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోట మామయ్య పేరు ఎవరూ వినలేదు. ఆ తరం ఆడవాళ్ళు చాలామంది అంతే. మా నాయనమ్మ కూడా పలికేది కాదు, అవసరం పడితే పక్కవాళ్ళకు సైగ చేసి చెప్పించేది. అత్తమ్మ ఇంకా ముందుకు పోయి, ఆ పేరుతో చుట్టరికం ఉన్న మాటలను కూడా వదిలేసింది. వారంలో ఒక రోజుకు ఆమె దగ్గర పేరే లేదు. దాని ముందు రోజు చెప్పి "తెల్లారి" అనేది. పక్కింట్లో అదే పేరున్న అయిదేళ్ళ పిల్లవాణ్ణి "చిన్నాయన" అని పిలిచేది. వాడు కూడా ఓయ్ అని పలికేవాడు.

నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను. అత్తమ్మకు అదొక వింత. నేను పిలిచినప్పుడల్లా తనే ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని, "నోరెట్ల వస్తది బిడ్డా నీకు?" అని అడిగేది. కోపం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగేది. మామయ్య పేరు నేనూ ఇక్కడ రాయను. ఆమె అంత కష్టపడి దాచుకున్నదాన్ని తీసుకొచ్చి అచ్చులో పెడితే నాకే బాగుండదు.

దీనికి సరిగ్గా ఎదురు మామయ్య. రైస్ మిల్లులో మేనేజరుగా చేసేవాడు. ఆయనకు తన పేరంటే మహా ముద్దు. స్టీలు గిన్నె కొన్నా, గ్లాసు కొన్నా పేరు చెక్కించకుండా ఇంటికి తెచ్చేవాడు కాదు. కుర్చీల వెనక పేరు, బీరువా మీద పేరు, డాబా మీది నీళ్ళ ట్యాంకు మీద రోడ్డుకు కనబడేలా పేరు. అత్తమ్మ తను పలకని పేరులో వండి, ఆ పేరులో వడ్డించి, ఆ పేరునే తోమి బోర్లించేది. ఆయన ఆమెను "ఏమేవ్" అనేవాడు, ఆమె ఆయన్ను "ఇగో" అనేది. ఇద్దరికీ అంతటితో జరిగిపోయింది.

మిల్లులో కంప్యూటర్లు మార్చినప్పుడు పాతదొకటి మామయ్య ఇంటికి తెచ్చుకున్నాడు. అది లేవడానికే కాఫీ తాగినంత సేపు పట్టేది. సెలవుల్లో పోయినప్పుడు నేను దాన్ని తుడిచి లినక్స్ వేశాను. కంప్యూటర్ పేరు గడి రాగానే మామయ్య "నాదే పెట్టు" అన్నాడు. యూజర్ పేరు అడిగితే "నాదే" అన్నాడు. అందరూ వాడుకునేలా ఒక షేర్ ఫోల్డర్ చేసి దానికేం పేరు పెట్టాలంటే, "ఇంకెవలది పెడతవ్?" అని నన్నే అడిగాడు.

మామయ్యకు ఒక భజన మండలి ఉండేది. గరిడేపల్లి దిక్కు ఊళ్ళలో, వాడపల్లిలో ఏరు దగ్గర, పిలిచిన చోటికల్లా పోయి పాడేవాళ్ళు. ఆ పాటలన్నీ రికార్డు చేసి ఆ మిషన్‌లో పోసుకున్నాడు. ఇంటి కాగితాలు, దవాఖాన కాగితాలు కూడా ఫొటోలు తీసి అందులోనే పెట్టించాను. కొన్నాళ్ళకు దాని మానిటర్ పోయింది. పోతే పోయిందని, మిషన్‌ను మధ్య గదిలో అలాగే నడవనిచ్చి, నా పాత లాప్‌టాప్ ఒకటి హాల్లో పెట్టాను. ఫైళ్ళు మధ్య గదిలో ఉంటాయి, హాల్లో కూర్చుని వైఫై మీద తెరుచుకోవచ్చు. వైఫైలో మధ్య గది మిషన్‌కుండే ఐపీ నంబరు మారిపోకుండా రౌటర్‌లో ఖాయం చేసి వచ్చాను.

తర్వాత షుగరుతో మామయ్య చూపు మందగించింది. కీబోర్డు అత్తమ్మ చేతికొచ్చింది. సాయంత్రం కాగానే ఆయన కుర్చీలో కూర్చుని ఫలానా పాట పెట్టు అనేవాడు, ఆమె వెతికి పెట్టేది. అది తెరుచుకోని రోజు నాకు ఫోన్.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా, పనిల ఉన్నవా?"

"లేదు అత్తమ్మా, చెప్పు."

"ఆయన వస్తలేడు."

మొదటిసారి అలా విన్నప్పుడు, సరిగ్గా చూపు లేని మనిషి ఎక్కడికి పోయాడో అనుకున్నాను. "ఎప్పుడు బయటికి పోయిండు అత్తమ్మా?" అని అడిగితే ఆమె గొంతు తగ్గించి, "హాల్ల ఆయన కాదు బిడ్డా, మధ్య అర్రల ఆయన," అంది.

ఇక అప్పటి నుంచి అదే మా భాష అయింది. పైన అడ్రసు గడిలో ఏం రాసి ఉందో చదవమంటే, "ఎస్, ఎమ్, బీ, రెండు సుక్కలు, రెండు గీతలు, ఆయన, గీత, మల్ల ఆయన," అని చదివేది. మిషన్ పేరు ఒక ఆయన, అందులోని ఫోల్డర్ పేరు ఇంకో ఆయన. నవ్వకుండా వినడం నాకు కష్టమయ్యేది. చాలాసార్లు జబ్బు చిన్నదే. పొద్దున గది ఊడుస్తుంటే కేబుల్ ఊడి ఉండేది, లేదా ఉరుములకు భయపడి రౌటర్ తీసేసి మళ్ళీ పెట్టడం మరిచిపోయి ఉండేది.

కష్టమల్లా ఆ మిషన్ మీద ఆయన పేరు ఉండడంతోనే. దాని దిక్కు కాళ్ళు చాపేది కాదు. దుమ్ము పాత గుడ్డతో కాదు, కొంగుతో తుడిచేది. బంద్ చెయ్యి అంటే ఊరుకునేది కాదు, "పండవెట్టు" అనాలి. ఒకసారి షేర్ మొరాయిస్తే, తెర మీద ఎడమ పక్కన దానికి పెట్టిన పాత గుర్తు తుడిచి మళ్ళీ పెట్టమన్నాను.

"ఆయన పేరు తుడిసెయ్యాల్నా?"

"తుడిచి మళ్ళ రాస్తం అత్తమ్మా."

"రాసింది ఉండంగ తుడుసుడెందుకు, మల్ల రాసుడెందుకు? ఇంకో తొవ్వ సూడు బిడ్డా."

ఇంకో దారి వెతకడానికి నాకు ఒక పూట పట్టింది. కానీ టైపు చేయమంటే మాత్రం ఆ పేరును టకటకా కొట్టేది. రాయడానికి లేని సిగ్గు పలకడానికేంది అత్తమ్మా అని అడిగాను. "రాస్తే ఎవలింటరు?" అంది.

ఒక ఎండాకాలం నా పాత లాప్‌టాప్ పూర్తిగా చచ్చిపోయింది. మామయ్య సెకండ్ హ్యాండ్‌ది ఒకటి తెప్పించి, నేను వదిలి వచ్చిన పెన్ డ్రైవ్‌తో, పక్కింటి పెద్దమనిషితో స్క్రీన్ చదివించుకుంటూ తనే లినక్స్ వేయించాడు. వేయించానని నాకు గొప్పగా ఫోన్ చేశాడు. దానికేం పేరు పెట్టాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకా దాంట్లో ఒక్క పాట కూడా వినకముందే, సూర్యాపేటలో మా అమ్మవాళ్ళింట్లో భజనకని వచ్చి జ్వరంతో పడ్డాడు. తెల్లారేసరికి ఆయాసం. దవాఖానలో చేర్చి నాకు కబురు చేస్తే కోదాడ నుంచి బస్సులో పరుగెత్తాను. అత్తమ్మ మిర్యాలగూడలోనే ఉంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఇంజెక్షన్ మొదలుపెట్టేముందు, ఇదివరకు ఏ మందైనా పడలేదా అని అడిగింది.

"ఒకటి పడలే," అన్నాడు మామయ్య ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి. "ఒళ్ళంత దద్దుర్లొచ్చి గొంతు మూసుకపోయింది. పేరెరుక లేదమ్మా."

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "ఆ పేరు తెలిస్తే మంచిది మేడం. మేము రాసింది కూడా అలాంటిదే కావచ్చు. కానీ ఆయాసం పెరుగుతుంది, ఎక్కువసేపు ఆగలేం."

ఆ మందు పేరున్న పాత చీటీని చెదలు తిన్నాయి. దాని ఫొటో మధ్య గది మిషన్‌లో ఉంది. అత్తమ్మకు ఫోన్ చేశాను. మామయ్య చెయ్యి ఊపి, "స్పీకర్ పెట్టు, నేను గూడ వింట," అన్నాడు. పెట్టాను.

"కొత్త లాప్‌టాప్‌ల షేర్ తెరువు అత్తమ్మా. ఏమంటుంది?"

ఆమె ఒక్కో అక్షరం చదివింది. మొత్తం వినేసరికి నాకర్థమైంది, కనెక్షన్ ఇవ్వను పొమ్మంటుంది. షేర్ నడిపించే ప్రోగ్రాం ఏదో ఆగిపోయిందనుకున్నాను.

"మధ్య గదిలోది ఒకసారి పండవెట్టి మళ్ళ లేపు."

"ఆయన దవాఖానల ఉండంగ పండవెట్టమంటవా?" అంది. "నేను చెయ్య బిడ్డా. నన్ను ఏమన్న అను, నేను మాత్రం చెయ్య."

మామయ్య నవ్వబోయి దగ్గులో పడ్డాడు. సరే, నల్ల పలక తెరువు అన్నాను. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌కు ఆమె పెట్టుకున్న పేరది. అందులో మధ్య గది మిషన్ పేరు పెట్టి పింగ్ కొట్టమన్నాను. పింగ్ అంటే, అవతలి మిషన్‌ను ఉన్నావా అని అడగడం, ఉంటే ఉన్నానని అది జవాబివ్వడం.

"అరవై నాలుగు బైట్లు, ఆయన దగ్గర్నుంచి," అని చదవడం మొదలుపెట్టింది. "అరవై నాలుగు బైట్లు, ఆయన దగ్గర్నుంచి. వస్తనే ఉన్నయ్ బిడ్డా, ఆగుతలేవు."

సెలైన్ మారుస్తున్న నర్సు చెయ్యి ఆపి చూసింది. మిషన్ బతికే ఉంది, జవాబిస్తుంది, తలుపు మాత్రం తీయడం లేదు. పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద ఎంత ధీమాగా గీస్తానో, అదంతా ఆ మంచం పక్కన ఆవిరైపోయింది. డాక్టరమ్మాయి ఒకసారి తలుపు దాకా వచ్చి నా మొహం చూసి పోయింది.

"అత్తమ్మా, నువ్వు టైపు చేసే చోటుకు ముందట ఏం రాసి ఉంది? నడుమ గుండ్రటి గుర్తు ఉంటది సూడు, దానికి అటూ ఇటూ."

"ఆయన, గుండ్రం, ఆయన."

ఆ గుర్తుకు ముందుండేది మనిషి పేరు, తర్వాత ఉండేది మిషన్ పేరు. అక్కడ లాప్‌టాప్ పేరు ఉండాలి. అత్తమ్మకు మామయ్యవన్నీ 'ఆయన'వే, ఆయన చెప్పులు కూడా. అందుకని ఆమె మాటను అలాగే పట్టుకోలేకపోయాను.

"రెండోది మంచిగ సూసి చెప్పు. ఆయన లాప్‌టాప్ అని ఉందా? ఇంకేమన్ననా?"

"ఆయనే బిడ్డా."

"ఆయనే అంటే?"

"ఆయనే. ఇంకెట్ల చెప్పాలె నేను?"

"పోనీ ఒక్కొక్క అక్షరం చెప్పు."

మొదటి అక్షరం చెప్పింది. రెండోది దగ్గర ఆగిపోయింది. "గట్ల చెప్పినా పేరే గద," అంది. ఆమె మొహం నాకు కనబడుతూనే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరూ లేని హాల్లో తల దించుకుని. అప్పుడు మామయ్య మాస్కు కిందికి లాగాడు.

"ఏమేవ్," అన్నాడు ఫోన్ దిక్కు మొహం పెట్టి. "చెప్పు. నేనే అంటున్న గద, చెప్పు."

ఆమె చెప్పింది. చిన్న గొంతుతో, మొత్తం పేరు, ఎక్కడా మింగకుండా చెప్పింది. చెప్పి, "రెండు దిక్కుల అదే ఉంది," అంది.

జబ్బు నాకు అప్పుడు తెలిసింది. మామయ్య కొత్త లాప్‌టాప్‌కు కూడా తన పేరే పెట్టుకున్నాడు. ఇంట్లో రెండు మిషన్లకూ ఒకటే పేరు. ఆ పేరుతో పిలిస్తే లాప్‌టాప్ తననే పిలుస్తున్నారనుకుని, ఉన్నాను ఉన్నాను అని తనే జవాబిచ్చుకుంటుంది. అందులో పాటలూ లేవు, కాగితాలూ లేవు. పేరు వదిలేసి, మధ్య గది మిషన్‌కు నేను ఖాయం చేసిన నంబరు కొట్టించాను. ఫోల్డర్ తెరుచుకుంది. చీటీలో ఉన్న మందు పేరు మాత్రం అత్తమ్మ ఏ సిగ్గూ లేకుండా గట్టిగా, ఒక్కో అక్షరం చదివింది. డాక్టరమ్మాయి రాసుకుని, తను రాసిన ఇంజెక్షన్ కొట్టేసి వేరేది రాసింది.

"అయిందా బిడ్డా?" అంది అత్తమ్మ. అయిందనగానే ఫోన్ పెట్టేసింది. ఎప్పుడూ 'ఉంటా మల్ల' అనకుండా పెట్టదు.

మామయ్య నా చెయ్యి తట్టాడు. "మల్లొకసారి చెప్పమను. సరిగ వినవడలే."

విన్నాడని నాకు తెలుసు. కళ్ళ చివర తడి ఉంది. పక్క మంచం వాళ్ళు నవ్వారు, నర్సు కూడా నవ్వి, "ఇన్నేండ్లకు పేరు పెట్టి పిలిచిందా తాతా," అంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఆ మాట ఆయన ఒక్కడిది. తలుపు కొట్టకుండా వాళ్ళ గదిలోకి జొరబడినట్టయింది నాకు, వెంట ఇంతమందిని తీసుకుని. మళ్ళీ ఫోన్ చేశాను. అత్తమ్మ ఎత్తలేదు.

మరునాడు వచ్చింది. వచ్చి వార్డులోకి పోకుండా వరండాలో గోడవారగా నిలబడింది. మొగుడు మంచాన ఉంటే లోపలికి రాదేందని చుట్టాలు గొణుగుతున్నారు. నన్ను చూసి మణికట్టు పట్టుకుంది.

"పక్కన ఎవలన్న ఉన్నరా బిడ్డా, నిన్న?"

"ఎవ్వరు లేరు అత్తమ్మా. మామయ్య, నేను, అంతే."

నా మొహం వెతికింది. నమ్ముదామనే అనుకున్నట్టుంది. ఇద్దరం లోపలికి పోయామో లేదో, నర్సు "నిన్న ఫోన్ల మాట్లాడిన అమ్మ నువ్వేనా?" అని నవ్వుతూ ఎదురొచ్చింది. అత్తమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. మామయ్య మంచం పక్కన కిటికీ దిక్కు తిరిగి కూర్చుంది. నేను నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికొచ్చేశాను. నిండిన సీసానే తీసుకుని వచ్చానని కొళాయి దగ్గర చూసుకున్నాను.

డిశ్చార్జి రోజు నన్ను పక్కకు పిలిచింది. "ఆయన పేరు లేకుండ తెరిసే తొవ్వ చెప్పు బిడ్డా. ఎన్నటికి పేరు అవసరం పడకుండ."

ఆ నంబరు చెప్పాను. పిల్లలు ఎక్కం వల్లించినట్టు వల్లించుకుంది. నూటా తొంభై రెండు, సుక్క, నూటా అరవై ఎనిమిది, సుక్క. అప్పటి నుంచి ఫోన్లో మా మధ్య 'ఆయన' లేడు. అన్నీ అంకెలే. షేర్ ఎక్కడ ఆగినా అయిదు నిమిషాల్లో బాగయ్యేది. నా పని చాలా తేలికైంది, ఆ ఫోన్లలో నవ్వొచ్చే మాట మాత్రం ఒక్కటీ లేదు.

మామయ్యకు చూపు దాదాపు పోయింది. నేను మిర్యాలగూడ పోయినప్పుడల్లా మధ్య గదిలో కేబుల్ ఊడి ఉండేది. ఊడ్చేటప్పుడు ఊడిందనుకున్నాను. ఒకసారి చూద్దును కదా, ఆయనే గోడ పట్టుకుని తడుముకుంటూ పోయి పీకుతున్నాడు. దొరికిపోయి, తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

"ఇది ఊడితే మీ అత్త నీకు ఫోన్ చేస్తది గద," అన్నాడు. "నువ్వు పేరు సదువు అంటవేమో అని." చేతిలోని కేబుల్ నాకిచ్చి, "ఆ నంబరు ఎందుకిచ్చినవ్ బిడ్డా? జర తీసెయ్యరాదు," అన్నాడు.

కళ్ళు లేని మనిషి, ఒక్క మాట వినాలని నన్ను బతిమాలుతున్నాడు. రౌటర్‌లో నంబరు మార్చడం నాకు రెండు నిమిషాల పని. మారిస్తే ఆమె ఫోన్ చేయక తప్పదు, నేను పేరు దగ్గరికి తీసుకుపోక తప్పదు. లాప్‌టాప్ ముందు కూర్చుని రౌటర్ పేజీ తెరిచాను కూడా. తలెత్తితే గుమ్మంలో అత్తమ్మ. చేతిలో ఆయన కోసం తెచ్చిన టీ గ్లాసు. అంతా విన్నదని మొహమే చెప్పింది.

"ఆయనకు వినాల్నని ఉంటది, నాకెరుకే," అంది మెల్లగా. "అర్రల ఒక్కదాన్నే ఉన్నప్పుడు అనిసూస్తనే ఉన్న బిడ్డా. వస్తది. ఆయన కుర్సీల గూసున్నది కనవడంగనే సిగ్గుతోని సావొస్తది. నేనేం చెయ్య?"

పేజీ మూసేశాను. ఎవరి పక్కన నిలబడినా ఇంకొకరికి అన్యాయం చేసినట్టే ఉంది. హాల్లోకి పోతే మామయ్య చెవి ఇటు వేసి కూర్చున్నాడు. ఆమె టీ గ్లాసు చేతికిచ్చి, "ఇగో," అంది. ఆయన తీసుకున్నాడు.

ఆ వానాకాలంలోనే మామయ్య పోయాడు. నిద్రలో పోయాడు. ఆమె గొంతులో ఆ మాట రెండోసారి వినకుండానే పోయాడు.

దినాలు అయ్యాక చావు నమోదు చేయించడానికి అత్తమ్మను తీసుకుని మిర్యాలగూడ మున్సిపల్ ఆఫీసుకు పోయాను. మా ముందూ వెనకా చాలామంది ఉన్నారు. పైన ఫ్యాను గరగరలాడుతుంది. మా వంతు రాగానే గుమాస్తా తలెత్తకుండా, "చనిపోయినాయన పేరు?" అన్నాడు.

ఇలాంటి చోట ఆమె బదులు నేను చెప్పడం ఎప్పటి అలవాటో. నోరు తెరిచాను. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. తనే చెప్పింది.

గుమాస్తా చెవి కాస్త ముందుకు పెట్టాడు. "మల్లొకసారి చెప్పమ్మా, సరిగ వినవడలే."

అత్తమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి గట్టిగా, వరసలో చివరనున్నవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పింది. అతను ఇంగ్లిష్‌లో ఎట్ల రాయాలని అడిగితే ఒక్కో అక్షరం చెప్పి రాయించింది. నేను తల దించుకుని గచ్చు చూస్తూ నిలబడ్డాను. మామయ్య నా చెయ్యి తట్టి అడిగింది ఆ ముక్కూ మొహం తెలియని మనిషికి దొరుకుతుంటే, ఆమె మొహం చూడడానికి నాకే సిగ్గయింది.

బయట మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. తాగింది. "అన్నవు అత్తమ్మా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అన్న," అంది. "సిగ్గువడాల్నంటే ఎదురుంగ ఆయన ఉండాలె గద బిడ్డా."